బ్రేకులు అరగని చలికాలం

టాటీబంధ్ ఫ్లైఓవర్ దిగేటప్పుడు ముందు పోతున్న లారీ చక్రాల నుంచి ఒక్కోసారి ఒక వాసన వస్తుంది. కాలిన రబ్బరు, కాగిన ఇనుము కలిసి గొంతులో గీరుకుపోయే వాసన. కారు అద్దాలు ఎత్తేసినా ఎక్కడో సందు చూసుకుని లోపలికి వచ్చేస్తుంది. వేరేవాళ్ళకు అది ఎవరిదో లారీ బ్రేకుల వాసన. నాకు మాత్రం మా ఇంటి వాసన, నా పదేళ్ళ వయసు వాసన.

అప్పుడు మేము బీర్‌గావ్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న సింహాచలం శ్రీకాకుళం వైపు నుంచి ఛత్తీస్‌గఢ్ వచ్చి, పక్కనే ఉన్న ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో సూపర్‌వైజరుగా కుదురుకున్నాడు. చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల పొగ రాత్రంతా మా మీదే దిగేది. పొద్దున లేచేసరికి ఆరేసిన బట్టల మీద, తులసికోట మీద, అరుగు మీద సన్నటి నల్లపొడి. అరుగు మీది పొడిలో నేనూ తమ్ముడూ వేళ్ళతో పేర్లు రాసుకునేవాళ్ళం, అమ్మ వచ్చి తడిగుడ్డతో తుడిచేసేది. వేసవిలో తునికిపళ్ళు అమ్మే ముసలమ్మ బుట్ట దింపితే వాటి తియ్యటి పసుపు గుజ్జు చప్పరిస్తూ మధ్యాహ్నమంతా గడిపేవాళ్ళం. దసరాకి అమ్మ బెల్లం పాకం పట్టి అరిసెలు వత్తుతుంటే ఆ నూనె వాసనకి పక్కింటి ఛత్తీస్‌గఢీ పిల్లలు కూడా మా వంటింటి గుమ్మంలో బారులు తీరేవాళ్ళు.

నేను ఐదో తరగతిలో ఉండగా నాన్న ఒక పాత తెల్ల కారు కొన్నాడు. మిల్లులో మేనేజరు ఏమన్నా తలవంచుకుని వినే మనిషి, ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడని మనిషి, ఆ కారు ఎక్కగానే ఇంకొకడైపోయేవాడు. ముందు బండిని తరుముకుంటూ వెళ్ళి, దాని వెనక్కి ఆనుకునేంత దగ్గరలో బ్రేకు తొక్కేవాడు. ఎర్రలైటు దూరాన కనబడుతున్నా వేగం తగ్గించేవాడు కాదు, దాన్ని గెలవాలన్నట్టు దూసుకుపోయి చివర్లో కీచుమనిపించేవాడు. రైల్వే వంతెన దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని గేరు తీసేసి, బండి బరువంతా బ్రేకుల మీద వదిలేసి దిగేవాడు. వెనక సీట్లో మాకదొక ఆట. ఇప్పుడు తొక్కుతాడా, ఇంకాసేపటికి తొక్కుతాడా అని చింతపిక్కలు పందెం కాసుకుని, ముందు సీట్లను రెండు చేతులా పట్టుకునేవాళ్ళం. పట్టు తప్పినవాడి ముక్కు సీటుకి కొట్టుకునేది. మేము పకపకా నవ్వేవాళ్ళం. అమ్మ నవ్వేది కాదు.

బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించిన కొన్నాళ్ళకే మళ్ళీ కూసేవి. వీధి మలుపులో ఆ కూత వినబడగానే అమ్మ కుక్కరు పొయ్యి మీద పెట్టేది.

"దూరంగా ఎర్రలైటు కనబడతన్నాది గదండీ, ఇక్కడ్నించే యాక్సిలరేటర్ వొదిలీండి. బండి తనంతట తనే నిదానమౌద్ది," అంది ఒకసారి.

"బ్రేకులున్నది ఎందుకే? తొక్కడానికే గదా. నాకు నేర్పుతావేటి?" అన్నాడు నాన్న.

అమ్మకి ఆ సంగతి నేర్పింది మా వీధిలో ఉండే పంజాబీ ఆవిడ, జస్‌బీర్ ఆంటీ. వాళ్ళాయన టాటీబంధ్‌లో లారీలు తిప్పేవాడు, ఆవిడ స్వయంగా జీపు నడిపేది. అమ్మ అప్పటికే పండరీ బజారు టోకు దుకాణాల్లో జాకెట్టు ముక్కలూ చీరలూ కొని తెచ్చి మా బస్తీలో అమ్మడం మొదలుపెట్టింది. మూటలు ఆటోల్లో ఎక్కించి దించలేక చేతులు వాచిపోయేవి. అది చూసి ఆంటీయే పట్టుబట్టి, వానలు వెనకపట్టాక ఫ్యాక్టరీల వెనక ఖాళీ మైదానంలో అమ్మకి నడపడం నేర్పింది. "పైర్ సే నహీఁ బెహన్, ఆంఖ్ సే బ్రేక్ లగావో," అనేది. కాలితో కాదు, కంటితో బ్రేకు వెయ్యాలట.

ఆ చలికాలం అమ్మ నడిపింది. ఆటో డబ్బులు మిగులుతాయని నాన్న ఒప్పుకుని మిల్లు బస్సులో వెళ్ళేవాడు, కారు పగలంతా అమ్మ చేతిలో ఉండేది. బడి నుంచి మమ్మల్ని ఎక్కించుకుని పండరీ వెళ్ళేది. రిక్షాలు, ఆవులు, తోపుడుబళ్ళు, గోధుమ బస్తాల మధ్య నుంచి కారు నీళ్ళలో పడవలా సాగేది. ఎప్పుడు ఆగిందో మాకు తెలిసేదే కాదు. చింతపిక్కల ఆట దానంతట అదే మానేశాం. తిరుగు దారిలో ఒళ్ళో కొత్తబట్టల గంజి వాసన, చేతిలో కాగితం పొట్లంలో వేడి జిలేబీ, కిటికీలోంచి చలిగాలి, ముందు సీట్లో అమ్మ ఏదో కూనిరాగం తీస్తూ. అమ్మకి పాట వచ్చునని మాకు అప్పుడే తెలిసింది. ఆ చలికాలమంతా కారు ఒక్కసారీ కూయలేదు.

ఉగాదినాడు కాలనీలో తెలుగువాళ్ళమంతా చేరాం. పచ్చడి పంచుతుంటే మిల్లులో నాన్నతో పనిచేసే ఆయన అందరిముందూ, "ఏటి సింహాచలం, మీ డ్రైవరమ్మ తేలేదా నిన్ను?" అన్నాడు. అందరూ నవ్వారు, నాన్న కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక కారు తాళం తీసి తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"రేపు పండరీ ఎల్లాలండీ," అంది అమ్మ.

"నాను తీసికెల్తాను."

అంతే. కేక లేదు, గొడవ లేదు. మిల్లుకి కూడా మళ్ళీ కారులోనే వెళ్ళడం మొదలుపెట్టాడు. వేసవి దాటి, వానలు పడి, మళ్ళీ కూత మొదలైంది. కొన్నాళ్ళకి కూత పోయి ఇనుము ఇనుముని గీకే చప్పుడు వచ్చింది. వినలేక తమ్ముడు చెవులు మూసుకునేవాడు. అమ్మ చెప్పింది, బతిమాలింది, ఒకసారి అన్నం పెట్టకుండా కూర్చుంది. "దసరా అయినాక సూపిద్దాం," అన్నాడు నాన్న.

దసరా సరుకు కోసం ఒక మధ్యాహ్నం అమ్మానాన్నలు బయలుదేరారు. వెనక సీట్లో ఈసారి మూటలు పడుకోబెట్టాలని మమ్మల్ని జస్‌బీర్ ఆంటీ ఇంట్లో వదిలారు. సరుకు ఎక్కించుకుని, ఒక బేరానికి చీరలు ఇవ్వడానికి టాటీబంధ్ కూడలి వైపు వచ్చారు. ముందు ఒక లారీ ఆగి ఉంది. నాన్న ఎప్పటిలాగే చివరిదాకా వెళ్ళి తొక్కాడు. పెడల్ నేలకి అంటుకుపోయింది, కారు ఆగలేదు. ప్రాణభయంతో కుడికి తిప్పేసరికి అమ్మ కూర్చున్న వైపు లారీ కిందికి దూరింది. అమ్మ ముందు పెడల్ లేదు. అయినా తన కుడికాలితో నేలని బలంకొద్దీ తొక్కుతూనే ఉందట. నిటారుగా బిగబట్టిన ఆ కాలు మోకాలి దగ్గర నలిగిపోయింది. నాన్నకి నుదుటి మీద గీత పడింది.

ఆస్పత్రిలో అడిగినవాళ్ళకీ, పోలీసులకీ, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకీ నాన్న ఒక్కటే మాట చెప్పాడు: "బ్రేకులు ఫెయిలైపోయినాయి." వినగా వినగా నిజంగానే బ్రేకులు ఎవరో దొంగల్లా వచ్చి మమ్మల్ని మోసం చేసి పోయాయనిపించేది. నాన్న అమ్మని చేతులమీద బాత్‌రూముకి మోసుకెళ్ళాడు. మాకు అన్నం వండాడు, అమ్మకి జడ వేశాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. అన్నీ చేశాడు గానీ, ఆ ఒక్క వాక్యంలోకి తనని మాత్రం రానివ్వలేదు.

చూడటానికి వచ్చిన మా పెద్దత్త, "బ్రేకులు ఫెయిలైతే మావోడు మాత్రం ఏటి సేస్తాడే?" అంది.

"ఫెయిలవ్వలేదు వొదినా. అరిగిపోయినాయి. అరగ్గొట్టీసినారు," అంది అమ్మ, గోడవైపు చూస్తూ.

నాన్న లేచి బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత అమ్మ ఆ మాట ఇంకెప్పుడూ అనలేదు. కాలు అతికింది గానీ మోకాలు వంగలేదు. బట్టల వ్యాపారం పోయింది. కారు తుక్కుకి పోయింది.

ఇప్పుడు ఆ కూడలి మీద ఫ్లైఓవర్ వచ్చింది. జస్‌బీర్ ఆంటీ వాళ్ళు లారీలు అమ్మేసి పంజాబ్ వెళ్ళిపోయారు. అమ్మ నడపడం నేర్చుకున్న మైదానంలో గోదాములు లేచాయి. కూనిరాగం తీసే అమ్మ మాకు ఆ ఒక్క చలికాలమే కనబడింది.

మొన్న దసరాకి అమ్మని పండరీ తీసుకెళ్ళాను. పాత దుకాణాయన, జుట్టంతా నెరిసిపోయి, అమ్మని చూడగానే గద్దె దిగి వచ్చాడు. "అరే దీదీ! ఆప్ తో ఖుద్ గాడీ చలాకే ఆతీ థీఁ న?" అన్నాడు సంబరంగా. మీరు స్వయంగా కారు నడుపుకుంటూ వచ్చేవారు కదూ అని. అంతలో ఆయన చూపు చేతికర్ర మీద పడింది.

"పైర్ కో క్యా హువా?" కాలికి ఏమైందని.

అమ్మ చిన్నగా నవ్వింది. "బ్రేక్ ఫేల్ హో గయా థా, భైయా," అంది.

నేను నోరు తెరిచాను. అమ్మ నా మోచేయి గట్టిగా పట్టుకుంది. ఆయన చీరలు పరుస్తుంటే ఇద్దరం కూర్చుని రంగులు చూశాం.