గోడకి అవతల గ్లాసు

"నీళ్ళు తగ్గాయి."

"తగ్గలేదు."

"గ్లాసు మీద లిప్‌స్టిక్‌తో గీత గీసి మరీ పెట్టాను రాస్కో. వేలు మందాన తగ్గాయి."

"తగ్గితే తగ్గుంటాయి. ఒలకలేదుగా. కింద గుడ్డ పొడిగానే ఉందిగా మిస్ ఎర్నెస్టీన్."

"ఒలికాయో, నీ దెబ్బలకి బెదిరి ఎగిరిపోయాయో నాకెందుకు? ఉండాల్సిన నీళ్ళు లేవు. పని ఆపు."

"ఆగస్టు నెల. బాల్టిమోర్‌లో బకెట్టు నింపి పెట్టినా సాయంత్రానికి సగం కనపడదు."

"నా ఇంట్లో ఆగస్టు లేదు. ఫ్యానుంది."

దుమ్ము లేవకుండా, మేం కూలుస్తున్న పక్కింటి ఇటుకల మీద గొట్టంతో నీళ్ళు కొడుతూ నేనీ గొడవంతా విన్నాను. వినకపోవడం కుదిరే పని కాదు. ఇద్దరూ ఆవిడ ఇంటి తెల్ల పాలరాతి మెట్ల దగ్గర నిలబడ్డారు. రాస్కో కింద, ఆవిడ మొదటి మెట్టు మీద. అయినా ఆవిడ తల అతని గడ్డం దగ్గరికే వచ్చింది. నా గొట్టం కాస్త అటు తిరగ్గానే, తల తిప్పకుండానే అంది.

"ఆ మెట్ల మీద ఒక్క బురద చుక్క పడిందంటే, నాన్నా, నీతోనే కడిగిస్తాను."

రాస్కో టిల్మన్‌కి అరవై మూడేళ్ళు. పాతికేళ్ళుగా ఇళ్ళు కూలుస్తున్నాడు. ఎర్నెస్టీన్ పర్నెల్‌కి ఎనభై ఆరు. ఒకప్పుడు ఆమె అతని అత్తగారు. కూతురు లవీనియాతో అతని కాపురం పదకొండేళ్ళు సాగింది. ఆ పదకొండేళ్ళూ ఆమెను "అమ్మా" అన్నాడు. విడాకులయ్యాక మళ్ళీ "మిస్ ఎర్నెస్టీన్"లోకి దిగాడు. అది జరిగి పంతొమ్మిదేళ్ళు. ఆ పంతొమ్మిదేళ్ళలో ఇద్దరూ కలుసుకున్నది అంత్యక్రియల్లోనే. అక్కడ కూడా ఆవిడ అతన్ని చూసి, "శవపేటిక మీద చెయ్యి పెట్టకు, ఊడిపోతుంది" అన్నదని చెబుతారు.

ఆ మాట వెనక ఒక షెల్ఫు ఉంది. పెళ్ళైన మొదటి ఏడు అతను ఆవిడ భోజనాల గదిలో గోడకి షెల్ఫు బిగించాడు. దాని మీద ఆవిడ తల్లి నాటి పళ్ళేలు, నీలం అంచువి, పన్నెండు పెట్టారు. ఈస్టరు రోజు అందరూ బల్ల చుట్టూ కూర్చుని హామ్ కోస్తుండగా షెల్ఫు దిగింది. ఒక్క పళ్ళెం మిగిలింది. "రాస్కో నిలబెట్టింది ఏదీ నిలబడదు" అని ఆవిడ ఆ రోజే తేల్చేసింది. అతను కూల్చే పనిలో చేరినప్పుడు, "ఇన్నాళ్ళకి తగిన ఉద్యోగం దొరికింది" అన్నదట.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, అదే గోడ. మా వీధిలో ఇళ్ళు ఒకదాని భుజం ఒకటి ఆనుకుని వరసగా ఉంటాయి, రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఒకప్పుడు పద్నాలుగిళ్ళ వరస అది. పన్నెండు ఎప్పుడో పోయాయి. మూలనున్నది ఆవిడ ఇల్లు, దాన్నానుకుని ఇరవై ఏళ్ళుగా ఖాళీగా ఉన్న ఇల్లు. ఆ ఖాళీ ఇంటిని మేం దించాలి. ఆవిడ గోడ మాత్రం నిలవాలి. గోడ పగిలితే నగరం వాళ్ళు వచ్చి ఆవిడ తలుపుకి, ఈ ఇంట్లో ఎవరూ ఉండకూడదని ఎర్ర పలక కొడతారు. ఆ పైన ఆవిడ ఊరి చివర, లవీనియా మూడో అంతస్తు ఫ్లాటుకి వెళ్ళాలి. అక్కడ లిఫ్టుంది, మెత్తటి తివాచీ ఉంది.

"మెట్లు లేవు అక్కడ," అందావిడ నాతో, మొదటి రోజునే. "శనివారం పొద్దున్న నేనేం కడగాలి? లిఫ్టునా?"

అందుకే ఆవిడ చలిమంట గూడు మీద, అదే గోడకి ఆనించి, గోడ అదిరితే ఒలికి తెలుస్తుందని నీళ్ళ గ్లాసు పెట్టింది. మా కంపెనీ గోడకి అంటించిన అదురు కొలిచే యంత్రాన్ని ఆవిడ నమ్మలేదు. "దానికి జీతం ఇచ్చేది మీ యజమాని. గ్లాసు నాది" అంది.

ఈ పనికి వేరేవాణ్ణి పంపుతానని యజమాని అంటే, "పంపితే నేను మానేస్తాను" అన్నాడు రాస్కో. ఎందుకని అడిగితే, "వేరేవాడికి ఆవిడ తిట్లు అలవాటు లేవు" అన్నాడు.

నేను రెండేళ్ళు సివిల్ ఇంజనీరింగ్ చదివి వదిలేశాను. అక్కడ ఎలా నిలబెట్టాలో చెప్పారు, ఎలా దించాలో ఎవడూ చెప్పలేదు. అది రాస్కో దగ్గర చూశాను. మొట్టమొదట అతను ఖాళీ ఇంట్లో మెట్ల మీద కూర్చుని, కారం సాసు కారుతున్న వేపుడు చేప పెట్టిన రొట్టె తింటాడు. మాట్లాడడు. ఎక్కడ కిర్రుమంటోందో, ఎక్కడ మట్టి రాలుతోందో వింటాడు. తర్వాత గ్యాసు. గ్యాసు కంపెనీ "ఆపేశాం" అని ఉత్తరం ఇస్తుంది. రాస్కో వీధి తవ్వించి, గొట్టం మూతి మూశారో లేదో వంగి చూస్తాడు. "కాగితం మీద గ్యాసు ఆపితే కాగితం పేలదురా కాలేజీ. ఇల్లు పేలుతుంది." నన్ను కాలేజీ అనే పిలుస్తాడు. చదువు వదిలేసినందుకు పెట్టిన పేరు. ఆ తర్వాత ఎలుకల మందు, లేకపోతే అవన్నీ పొరుగింటికి కాపురం మారుస్తాయి. ఆ తర్వాతే పని. "కట్టినవాడు ఆఖర్న పెట్టింది నువ్వు మొదట తియ్యి. ముందు కప్పు, తర్వాత పై నేల, తర్వాత గోడ. తొందరపడి కింద తీశావా, పైది నీ అనుమతి అడగదు."

తను పుట్టిన ఇంటిని కూడా అతనే దించాడు. మూడు వీధుల అవతల. ఏమనిపించిందని అడిగాను. "వంటింటి నేల కింద మా నాన్న దాచిన విస్కీ సీసా దొరుకుతుందనుకున్నా," అన్నాడు. "దొరకలేదు. తాగేసుంటాడు."

గ్లాసు గొడవకి తిరిగొస్తే, రాస్కో వాదించడం మానేసి ఆవిడ వంటింట్లోంచి ఇంకో గ్లాసు తెచ్చాడు. దానికీ గీత గీసి, వీధి వైపు గోడ దగ్గర పెట్టాడు. అటు మా పని లేదు. మర్నాడు చూస్తే రెండు గ్లాసుల్లోనూ సమానంగా తగ్గాయి.

"చూశారా? ఎండే."

ఆవిడ రెండు గ్లాసులూ మార్చి మార్చి చూసింది. "నువ్వు రెండు గోడలూ కదిపావు" అంది. అయినా పని చేసుకోనిచ్చింది.

కప్పు దించాం. నాలుగో రోజుకి పై నేల పలకలు తీసి దూలాల దగ్గరికి వచ్చాం. గోడ నుంచి గోడకి వేసిన దూలాలు, వరసకి తొమ్మిది. మామూలుగా ఒక్కో ఇంటి దూలం గోడలో నాలుగంగుళాలు దూరి ఆగుతుంది. అవి కోసేటప్పుడు గోడ అంచుకి కోసి, లోపలి ముక్కని అలాగే వదిలెయ్యాలి. బయటికి లాగితే అది గునపంలా గోడని పెళ్ళగిస్తుంది. రాస్కో సుత్తి తిరగేసి కర్రతో ఒక్కోటి తడుతూ వచ్చాడు. అయిదోది తట్టి ఆగాడు. మళ్ళీ తట్టాడు. గోడ అవతల ఆవిడ టీ కప్పులు గలగలమన్నాయి.

అతను దిగి ఆవిడ తలుపు కొట్టాడు. ఈసారి గొడవ గొంతు కాదు.

"మిస్ ఎర్నెస్టీన్, చిన్న సాయం. మీ పై గదిలో నిలబడి, నా చప్పుడు ఎక్కడ గట్టిగా వినపడితే అక్కడ మీ చేతికర్రతో తిరిగి కొట్టండి."

"నా ఇల్లు నేనే కొట్టుకోవాలా?"

"మెల్లిగా."

అలా ఇటు నుంచి అతను, అటు నుంచి ఆవిడ. టక్ టక్. ఆవిడ అడుగులు. టక్. పంతొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ పోట్లాడకుండా మాట్లాడుకున్నది అదే మొదటిసారి అనుకుంటాను. మిగతా ఎనిమిదింటికీ ఆవిడ జవాబు ముద్దగా వచ్చింది. అయిదోదానికి మాత్రం చేతి కింద కొట్టినంత స్పష్టంగా వచ్చింది. ఎవడో వందేళ్ళ కిందటి వడ్రంగి, పొడుగు కర్ర దొరికింది కదాని ఒకటే దూలాన్ని గోడలోంచి దూర్చి రెండిళ్ళకీ సరిపెట్టాడు. దాన్ని మిగతావాటిలా కరెంటు రంపంతో కోసి ఉంటే ఆ అదురుకి ఆవిడ పడకగది నేల కిందికి వచ్చేది.

రాస్కో ఆవిడ భోజనాల గదిలో ఆ దూలం కింద ఇనప కాలు నిలబెట్టాడు. "నా తివాచీ" అంది ఆవిడ. దాని కింద తువ్వాలు మడిచి పెట్టాడు. "అది మంచి తువ్వాలు" అంది. తన చొక్కా విప్పి పెట్టాడు.

కోసేంతసేపు ఆవిడ ఇంట్లో ఉండకూడదన్నాడు. ఉంటానంది. చివరికి కోడిగుడ్డు కస్టర్డ్ రుచి ఐస్ గోలా, పైన తియ్యటి మార్ష్‌మాలో నురగ రెండు గరిటెలు, అనే ఒప్పందం మీద ఎదురు కాలిబాటన కుర్చీ వేసుకుంది. గ్లాసు మాత్రం లోపలే ఉంది, గీత దాకా నింపి. కదపొద్దని నాతో ప్రమాణం చేయించుకుంది.

కరెంటు రంపమైతే ఆరు నిమిషాల పని. రాస్కో చేతిరంపం తీశాడు. రెండు గంటలైంది. మధ్యలో యజమాని ఫోను చేశాడు, కూల్చే యంత్రం ఇంకో చోటికి పోవాలి, ఇంకా ఒక దూలం దగ్గరే ఉన్నారేమిటని. రాస్కో నిచ్చెన మీంచి ఫోను నాకు జారవిడిచి, "ఆవిడకివ్వు" అన్నాడు.

ఇచ్చాను.

"ఎవరు నువ్వు?" అంది ఆవిడ, గోలా చప్పరిస్తూ. "యజమానివా. మీ అమ్మ బతికే ఉందా? ఉంది కదూ. ఆవిడ ఇల్లెక్కడ? అడ్రసు చెప్పు, రాసుకుంటాను. ఎందుకేమిటి? నా నేల కూలితే రాత్రికి అక్కడికే వస్తాను, నాకు మెత్తటి దిండు కావాలి." కాసేపు వింది. "అలా అన్నావు, బాగుంది," అని ఫోను నా చేతిలో పెట్టింది. "తొందరేం లేదంటున్నాడు."

దూలం రెండుగా విడిపోయినప్పుడు చప్పుడే లేదు. మా వైపు సగాన్ని తాళ్ళతో దించాం. ఆవిడ వీధి దాటి లోపలికి వెళ్ళింది. మేం బయటే నిలబడ్డాం. పాతికేళ్ళుగా ఇళ్ళు కూల్చినవాడు తన టోపీ అంచు నలుపుతూ నిలబడటం చూశాను. ఆవిడ చాలాసేపు రాలేదు. వచ్చి గుమ్మంలో నిలబడి, "గీత మీదే ఉన్నాయి" అంది. తలుపేసుకుంది.

మిగతా వారం పని నడిచింది. పెద్ద గొడవలేం లేవు, చిన్నవి రోజుకి రెండు. శుక్రవారానికి ఖాళీ స్థలం చదునైంది. గోడ నిటారుగా నిలిచింది. అటువైపు కోసిన దూలాల మొనలు గుండీల్లా వరసగా కనపడ్డాయి. వాటి మీదుగా వాన దిగకుండా సిమెంటు పూత పూశాం. తనిఖీ అధికారి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, సంతకం పెట్టి, ఎర్ర పలక బండిలోంచి తీయకుండానే వెళ్ళిపోయాడు.

మేం సామాను సర్దుకుంటుంటే మిస్ ఎర్నెస్టీన్ మెట్ల మీదికి వచ్చింది. చేతిలో నీలం అంచు పళ్ళెం.

"రాస్కో. ఆ గోడ నిలబడింది."

"అవునండి."

"అలా అయితే దీనికో షెల్ఫు కావాలి. రేపు రా. పాత చోటే."

రాస్కో టోపీ తీశాడు. "సరే అమ్మా" అన్నాడు. అని, తను ఏమన్నాడో అప్పుడే విన్నట్టు నేల చూశాడు. ఆవిడ విననట్టే పళ్ళెం పట్టుకుని లోపలికి పోయింది.

బండెక్కాం. అతను తాళం తిప్పలేదు. ఆరంతస్తుల మీద, ఒక్క పలక వెడల్పున నడిచే మనిషి. స్టీరింగు మీద జానతో షెల్ఫు పొడవు కొలిచి, మళ్ళీ కొలిచాడు.

"కాలేజీ," అన్నాడు. "రేపు శనివారం. పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడ మెట్లు కడుగుతూ బయట ఉంటుంది. అరగంట పడుతుంది. నాతో రా. గోడ తట్టి ఎక్కడ గట్టిగా ఉందో నేను చెబుతాను. మేకులు మాత్రం నువ్వు కొట్టు."