ల్యాప్‌టాప్‌కి చల్లగాలి కోసం భావనపాడు నుంచి విజయనగరం

సోమవారం పొద్దున్న నాకు ఆన్‌లైన్ పరీక్ష. ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం కోసం రాసే పరీక్ష అది. రెండు గంటల పరీక్షలో మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోతే మళ్లీ రాసే వీలు లేదని ముందే చెప్పారు. శుక్రవారం నమూనా పరీక్ష రాస్తుంటే అరగంటకే నా పాత ల్యాప్‌టాప్ అడుగు అట్ల పెనంలా కాలి, తెర నల్లబడిపోయింది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఇలాంటివి అడగడానికి ఎవరూ లేరు. ఫోన్‌లో వెతికితే కూలింగ్ ప్యాడ్ గురించి తెలిసింది. ల్యాప్‌టాప్ కింద పెట్టుకునే, ఫ్యాన్లున్న పలక అది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మా భావనపాడు చేరేలోపు పరీక్షే అయిపోతుంది. విజయనగరంలో డిగ్రీ చదివినప్పుడు చూసిన కంప్యూటర్ దుకాణాలు గుర్తొచ్చి, శనివారం తెల్లవారుతూనే బయలుదేరాను.

మా ఊరి నుంచి నౌపడ స్టేషన్‌కి షేర్ ఆటోలు దొరుకుతాయి, కానీ నిండితేనే కదులుతాయి. బ్యాగ్ ఒళ్లో పెట్టుకున్న నన్ను చూసి డ్రైవర్ మావ నవ్వాడు.

"ఏటే పిల్లా, సంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు?"

"ల్యాప్‌టాప్ మావా. వేడెక్కిపోతంది. ఫ్యాన్ కొనాల."

"మాకే ఫ్యాన్ సరిగ్గా తిరగదు. దానికి ఏరే ఫ్యానేటే! రేపు మంచం కూడా అడుగుతాది సూడు."

నౌపడలో విజయనగరం వైపు వెళ్లే పాసింజర్ ఎక్కాను. టికెట్టు బస్సు కంటే బాగా తక్కువ, దారిలో బండి మారే పని లేదు. ఉప్పు మడులు దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో బండి చాలాసేపు ఆగడంతో అక్కడే ఇడ్లీ తిన్నాను. ఎండ ముదరక ముందే విజయనగరంలో దిగాను.

మొదటి రెండు దుకాణాల్లో లేదన్నారు. మూడో దుకాణంలో షావుకారు గారు నా ల్యాప్‌టాప్ తిప్పి చూసి, అడుగున గాలి రంధ్రాలు ఉన్నచోటే ఫ్యాన్లు వచ్చే ప్యాడ్ ఎంచి పెట్టారు. ఎనిమిది వందలు తీసుకున్నారు.

"ఇది కింద నుంచి గాలి పీల్చి పైకి కొడతాదమ్మా. ఇంటికాడ దేని మీద ఎట్టి వాడతావు?"

"కింద కూర్చునే రాస్తానండి."

"అయితే ఇబ్బంది లేదు" అన్నారు. అక్కడ గల్లాబల్ల మీద అరగంట వీడియో నడిపించినా అడుగు గోరువెచ్చగానే ఉంది. తిరుగు ప్రయాణంలో హాయిగా నిద్రపోయాను.

ఆదివారం ఇంట్లో మళ్లీ నమూనా పరీక్షకు కూర్చున్నాను. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, ల్యాప్‌టాప్ మాత్రం మళ్లీ కాలి ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది. మళ్లీ విజయనగరం వెళ్లే వ్యవధి లేదు. ప్యాడ్ ఎత్తి చూస్తే దాని కింద బొంత! చదువుకునే వస్తువు నేల మీద పెట్టకూడదని ల్యాప్‌టాప్ ఇంటికొచ్చిన మొదటి రోజే అమ్మ తన పాత చీరలతో బొంత కుట్టి పరిచింది. అలవాటుగా ప్యాడ్‌ని కూడా దాని మీదే పెట్టేశాను. ఫ్యాన్లకు పీల్చుకోవడానికి గాలే లేదు.

"అమ్మా, బొంత తీసెయ్యాల. గాలి ఆడతల్లేదు."

"తీసేసి? సదువుల తల్లిని నేల మీద కూకోబెడతావేటే?"

అమ్మే లోపలికి వెళ్లి, పూజప్పుడు దేవుణ్ణి పెట్టే చెక్కపీట తెచ్చింది. "దీని మీద ఎట్టు. గాలీ ఆడతాది, మరియాదా ఉంటాది."

సోమవారం రెండు గంటలూ ల్యాప్‌టాప్ పీట మీదే కూర్చుంది. అమ్మ గుమ్మంలో కూర్చుని, వచ్చిన వాళ్లందరినీ "మా పిల్ల పరీచ్చ రాస్తన్నాది, తరవాత రండి" అని పంపేసింది. చివరి జవాబు పంపాక నేను వెనక్కి వాలిపోయాను. అమ్మ లోపలికొచ్చి, నా నుదురు చూసినట్టే మునివేళ్లతో ల్యాప్‌టాప్ అంచు తాకి "జొరం లేదే" అంది. ఫలితం ఇంకా రాలేదు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా, రాయడం మొదలుపెట్టిన పరీక్షను పూర్తిగా రాయగలిగానన్న తేలికదనం ఇంకా పోలేదు. ప్యాడ్ కొనడానికి వెళ్లేవాళ్లు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి, ఇంట్లో దాని కింద ఏం పరుస్తారో కూడా దుకాణంలో చెప్పండి.