మియాగావా పేరులో రెండు చుక్కలు

ఆదివారం ఉదయం టొమోఎ నిషివాకి తన కంప్యూటర్ స్విచ్ వేయగానే తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి: "స్వాగతం, మియాకావా సెన్సేయ్!"

పక్క బల్ల దగ్గర వైర్ల చిక్కు తీస్తున్న కుసునోకి అటు చూసి పగలబడి నవ్వాడు.

"అయిపోయావు టొమోఎసాన్! గా బదులు కా పడింది. ఈసారీ గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాడు."

ఒసాకాలో, నిప్పోంబాషి ఎలక్ట్రానిక్స్ బజారు వెనక సందులోని ఆ హాల్లో ఇంట్లో తయారు చేసుకున్న పాతకాలపు కంప్యూటర్ల ప్రదర్శన. ప్రారంభించడానికి వస్తున్న మియాగావా వీళ్ళిద్దరికీ రాత్రి బడిలో టంకం వేయడం నేర్పిన సెన్సేయ్, అంటే గురువు. కంజీలో, అంటే చైనా నుంచి వచ్చిన లిపిలో, రాసిన ఆయన పేరును కా అనీ చదవచ్చు, గా అనీ చదవచ్చు. ఊళ్ళో వాళ్ళను దిద్దుతూనే ముసలివాడయ్యాడు. పోయినేడు బోర్డు మీద తప్పు చూసి లోపలికే రాలేదు. ఈసారి టొమోఎ ఇంటికి వెళ్ళి బతిమాలి ఒప్పించింది.

తప్పెక్కడో ఆమెకు వెంటనే తెలిసింది. పలికినట్టే రాసే కానా అక్షరాల్లో, చేత్తో రాసేటప్పుడు కా నెత్తిన రెండు చుక్కలు పెడితే గా అవుతుంది. ఈ యంత్రంలో మాత్రం చుక్కలకు వేరే గడి కావాలి. తన లాండ్రీ కౌంటర్ వెనక కూర్చుని అక్షరాలు ఎక్కిస్తూ ఆ గడి మరిచిపోయింది.

"ఆ అక్షరాలున్న చిప్పు పీకి ఇటివ్వు. చిప్పులు రాసే నా పెట్టెలో పెట్టి రాసిస్తా," అన్నాడు కుసునోకి.

"పీకితే కాలు ఊడి నీ చేతికొస్తుంది. ఇప్పటికే ఓసారి అతికించా. ఉన్నచోటే రాస్తాను."

"నీ ప్రోగ్రాం నడిచేదీ అందులోంచే కదమ్మా! రాస్తున్నంతసేపూ చిప్పు పలకదు. తర్వాత ఏం చేయాలో తెలియక యంత్రానికి పిచ్చెక్కుతుంది. ఉన్నదంతా చెరిపేసుకుంటుంది."

"పిచ్చెక్కింది నీ యంత్రానికి. నాదానికి కాదు."

రాసే పని చేసే చిన్న ప్రోగ్రాం ముక్కను ముందుగా రెండో మెమరీలోకి, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే దానిలోకి, దింపింది. అక్కణ్ణుంచి నడిపించింది. స్వాగతం వాక్యం పక్కనే వేరే ప్రోగ్రాం మొదలవుతుంది, ఖాళీ గడి లేదు. ఆశ్చర్యార్థకం తీసేసి చుక్కలకు చోటిచ్చింది.

"మరీ చప్పగా లేదూ?"

"పెద్దాయన మీద అరవడం ఎందుకులే."

ఒక్కో గడి రాయడం, చిప్పు మళ్ళీ పలికేదాకా ఆగడం, తర్వాతి గడికి వెళ్ళడం. ఆ ఆగడం కంటికి కనిపించేది కాదు. కుసునోకి మాత్రం ఊపిరి బిగబట్టాడు. టొమోఎ సీసా మూత తిప్పి బార్లీ టీ తాగి, రీసెట్ నొక్కింది. పేరు చుక్కలతో సహా వచ్చింది.

"కరెంటు తీసి చూస్తే కదా తేలేది," అని అతను అంటుండగానే మియాగావా లోపలికొచ్చాడు. తెర చదివాడు. చెయ్యి చాచి స్విచ్ ఆపేశాడు. కాసేపు ఆగి మళ్ళీ వేశాడు. మియాగావా అనే ఉంది.

"చిప్పు బయటికి తీసి రాశావా?"

"లేదు సెన్సేయ్. ఉన్నచోటే, దాంట్లోంచి నడుస్తుండగానే."

"ఎట్లా? చూపించు," అంటూ ఆయన కుసునోకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ప్రారంభోత్సవం నలభై నిమిషాలు ఆలస్యమైంది.