గ్లియా కణాలను జోకొట్టిన అక్క

మా ల్యాబ్ అక్క చనిపోయిందని మూడు వారాల కిందట గ్రూపులో మెసేజ్ వచ్చింది. జర్మనీలోని కొలోన్‌లో మేం పనిచేసే మెదడు పరిశోధన ల్యాబులో ఆమె టెక్నీషియన్. జబ్బు సంగతి ఆరు నెలలుగా తెలుసు. వెళ్లి చూడాలని ప్రతి శనివారం అనుకున్నాను, ప్రతి శనివారం ఏదో ఒక సాకు దొరికింది. నాకు మొహం చెల్లలేదు. ఎందుకో చెప్పకుండా ఆమె మంచితనం గురించి నాలుగు మాటలు రాస్తే అది ఇంకో తప్పవుతుంది.

నాది రాజమండ్రి, ఆమెది కరీంనగర్. ల్యాబులో తెలుగువాళ్లం మేమిద్దరమే. నాకు ఆన్‌మెల్డుంగ్ టెర్మిన్, అంటే చిరునామా నమోదుకు అపాయింట్‌మెంట్, దొరక్కపోతే ఆమే రోజూ పొద్దున్నే వెబ్‌సైట్ తెరిచి కూర్చుని ఇప్పించింది. డబ్బాలో సర్వపిండి తెచ్చి, నేను సీట్లో లేకపోయినా సగం నా బల్ల మీద పెట్టిపోయేది.

మాది గ్లియా కణాల మీద పని. మెదడు అనగానే అందరూ నాడీకణాల గురించే మాట్లాడతారు. పసిమెదడులో అవసరానికి మించి ఏర్పడే కనెక్షన్లను తినేసి ఏరేసేవి వాటి పక్కనుండే కొన్ని గ్లియా కణాలు. ఆ ఏరివేత గాడి తప్పితే పెద్దయ్యాక మానసిక జబ్బులకు అదీ ఒక కారణం కావచ్చని అనుమానం. కడుపుతో ఉన్న తల్లికి ఇన్‌ఫెక్షన్ వస్తే బిడ్డలో ఈ కణాలు అతిగా ఏరేస్తాయా అన్నది నా ప్రశ్న. ఎలుక పిల్లల కణాలను ఫ్లాస్కుల్లో పెంచి, ఫ్లాస్కును అరచేత్తో తట్టి వాటిని విడదీయాలి. మోటుగా తడితే కణాలు బెదిరి, జబ్బు లేకపోయినా అతిగా తింటాయి.

"పసిపిల్లను జోకొట్టినట్టు కొట్టాలె తమ్మీ. నీ తొందర వాటికెందుకు?" అనేది అక్క.

నాకు తొందరే. ఆరోగ్యంగా ఉన్న తల్లుల బ్యాచ్ ఆమెకు అప్పగించి, ఇన్‌ఫెక్షన్ సోకిన తల్లులది నేను చేశాను. రెండింటికీ బ్రహ్మాండమైన తేడా వచ్చింది. నేలమీద నిలవలేదు నేను. అక్క మైక్రోస్కోప్‌లో చూసి, "ఇది జబ్బు తేడా కాదేమో. నీ చెయ్యికి నా చెయ్యికి ఉన్న తేడా. ఒక్కసారి మార్చి చేద్దాం," అంది.

"మీరు ఫ్లాస్కులు చూసుకోండక్కా, డేటా సంగతి నేను చూసుకుంటాను," అన్నాను. ఆ గొంతు నాదేనని ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు.

కొన్నాళ్లకు ఇంకో విద్యార్థిని రెండు బ్యాచ్‌లూ తనే చేస్తే తేడా మాయమైంది. మీటింగులో ప్రొఫెసర్ ఫ్లాస్కులు ఎవరు తట్టారని అడిగాడు. "ఆరోగ్యంగా ఉన్న బ్యాచ్ మా టెక్నీషియన్ చేసింది," అన్నాను. అబద్ధం కాదు. రెండోది తట్టింది నేనని, మార్చి చేద్దామని ఆమె ముందే అందని చెప్పాల్సిన మిగతా సగం మింగేశాను, అంతే. తప్పు ఆమె బ్యాచ్‌దే అనుకున్నారు అందరూ. మర్నాటి నుంచి ఆమెను కణాలు పెంచే కల్చర్ గదిలోంచి తీసి, రోజంతా సబ్బునీళ్లలో గాజుసామాను కడిగే పనికి వేశారు.

అక్క నన్ను ఒక్కమాటే అంది. "సార్‌కు నువ్వే చెప్పు తమ్మీ. నీ కాంట్రాక్టు రెన్యువల్ అయినంకనే చెప్పు, నాకేం తొందర లేదు."

వసంతంలో రెన్యువల్ అయింది. నేను చెప్పలేదు. భోజనానికి ఆమె కూర్చునే వేళ తప్పించి వెళ్లడం మొదలుపెట్టాను. సర్వపిండి మాత్రం నా బల్ల మీదికి వస్తూనే ఉండేది. దాన్ని సిగ్గులేకుండా తిన్నాను కూడా.

అంత్యక్రియల రోజు హాలు బయట ప్రొఫెసర్‌ని ఆపి, నాకొచ్చిన జర్మన్‌లో అంతా చెప్పేశాను. "కల్చర్ గదికి తిరిగి పంపమని ఆమె నన్ను రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ కాదన్నాను," అన్నాడాయన.

పక్కనే అక్క భర్త నిలబడి ఉన్నాడు. ఆయనకు జర్మన్ అంతంత మాత్రం.

"సారేమంటుండు తమ్మీ?"

తెలుగులో మళ్లీ మొదటినుంచి చెప్పాను, ఏమీ మింగకుండా. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అందుకేనా," అన్నాడు. "చేతులు పగిలి నెత్తురొస్తుండె. ఏమైందంటే, చలికి అనేది. రోజూ నేనే క్రీమ్ రాసేటోన్ని."

ఆయన బొటనవేలు తన రెండో అరచేతి మీద మెల్లగా తిరుగుతూ ఉంది.