తమ్ముణ్ణి తూచిన రోజు

నా చిన్నప్పుడు నాకు జ్వరమంటే భయం ఉండేది గాని మందంటే ఉండేది కాదు. దుమ్ముగూడెం దాటాక అడవిని ఆనుకుని ఉన్న మా ఊళ్లో వానలు పడ్డాయంటే ఇంటికొకరు చలిజ్వరంతో మూలుగుతూ పడుకునేవారు. మందు దొరికితే బతుకుతారు, దొరక్కపోతే లేదు అనేవారు పెద్దలు. మందు కూడా ప్రాణం తీయగలదని నాకు తెలిసింది మా తమ్ముడికి జ్వరం తలకెక్కిన రోజునే.

వాడికప్పుడు నాలుగేళ్లు ఉంటాయేమో. ఆ రోజుకు ముందు నుంచే ఒళ్లు కాలిపోతోంది. ఆ పొద్దున ఉన్నట్టుండి కళ్లు తేలేసి, పళ్లు బిగించి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ పచ్చి బాలింత, కదల్లేదు. నాన్న వాణ్ణి గొంగట్లో చుట్టి భుజాన వేసుకుని వానలోనే బయల్దేరాడు. వాడి మొహం మీద చినుకు పడకుండా గొడుగు పట్టమని నన్ను వెంట రమ్మన్నాడు. నాన్న అంగలు అందుకోలేక నేను బురదలో పరుగెత్తాను. గొడుగు పక్కకు జరిగినప్పుడల్లా వాడి నోటి చివర నురగ కనిపించేది. చూడకుండా ఉండాలనుకుంటూనే చూసేదాన్ని.

పక్క ఊళ్లో చిన్న దవాఖానా ఉండేది. అందులో నర్సు మా మేనత్త, నాన్నకు సొంత అక్క. అత్త చేతిలో పడితే చాలు, తమ్ముడు లేచి కూర్చుంటాడనుకున్నాను.

అత్త వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోరు తుడిచి, తడిగుడ్డతో ఒళ్లంతా అద్దింది. కొట్టుకోవడం ఆగింది. తెలివి మాత్రం రాలేదు. భద్రాచలం తీసుకుపోదామంటే మధ్యలో వాగు పొంగి పారుతోంది. దవాఖానా డాక్టరుగారు కూడా ఆ ఒడ్డునే చిక్కుపడిపోయారు. తాను లేనప్పుడు పిల్లలకు కిలో బరువుకు ఎంత చొప్పున చలిజ్వరం తగ్గించే కొయినా సూది వేయాలో ఆయన ముందే చెప్పి ఉంచారట. అత్త బీరువాలోంచి మందు గాజుబుడ్డి తీసింది. తీసి, బల్ల మీద పెట్టేసింది.

"ముందుగాల పిల్లగాన్ని తూచాలె" అంది.

నాన్నకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఏందక్కా, ప్రాణం పోతాంటే తూచుడేంది? పెద్దోళ్లకు వేసేదాంట్ల సగం వెయ్యరాదు? జల్దీ కానియ్!"

"సగమని ఎట్ల చెప్తవ్‌రా? వీడు నీ బరువుల సగమున్నడా? తక్కువైతే జ్వరం మింగుతది. ఎక్కువైతే గుండె ఆగుతది."

ఆ చివరి మాట నాకు స్పష్టంగా వినిపించింది. అంతవరకూ ఆ గాజుబుడ్డిని దేవుడి తీర్థంలా చూస్తున్నదాన్ని. ఆ మాట విన్నాక బల్లకు దూరంగా జరిగి నిలబడ్డాను.

అక్కడున్నది పెద్దవాళ్లు ఎక్కి నిలబడే ఇనుప తూకం యంత్రం. తమ్ముడు నిలబడే స్థితిలో లేడు. అత్త తడిసిన గొంగడి విప్పించి, నాన్ననే వాణ్ణి ఎత్తుకుని ఎక్కమంది. నాన్న కాళ్లు వణుకుతుంటే ముల్లు ఒకచోట నిలవలేదు. అది నిలిచేదాకా అత్త వదల్లేదు. తర్వాత వాణ్ణి తాను తీసుకుని, నాన్నను ఒక్కణ్ణే ఎక్కించింది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలింది తమ్ముడి బరువు. రోజూ చంకనేసుకుని తిరిగే తమ్ముడు ఇంత తక్కువా అనిపించి నాకు ఏడుపొచ్చింది.

అత్త కాగితం మీద లెక్క వేసింది. లెక్క అయ్యాక కాగితం బోర్లించి, పక్కగదిలో ఎవరికో కట్టు కడుతున్న చిన్న నర్సును పిలిచింది. ముదిగొండ వైపు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి. "నేను కట్టింది చూడకు. బరువిది, మందిది. నీ అంతట నువ్వు లెక్క కట్టు" అంది. నాన్న గోడకేసి తల కొట్టుకున్నాడు. ఆ అమ్మాయి గాజుబుడ్డి మీది అక్షరాలను వెలుతురులో పెట్టి చదివి, లెక్క కట్టి చూపించింది.

రెండు లెక్కలూ కలవలేదు. ఆ అమ్మాయి కట్టింది అత్త కట్టిన దాంట్లో సరిగ్గా సగమే ఉంది.

పైన రేకుల మీద వాన చప్పుడు, కింద తమ్ముడి ఎగశ్వాస. ఇద్దరిలో ఎవరిది తప్పో తెలియదు. తప్పుడు లెక్కే సరైనదనుకుంటే?

"సిస్టర్, ఇది కొత్త పెట్టెల మందు. పాతదానికన్నా డబల్ గాఢమున్నది" అంది ఆ అమ్మాయి భయపడుతూనే.

అత్త బుడ్డిని కళ్ల దగ్గర పెట్టుకుని చదివింది. పెద్దదాన్నన్న బింకం లేదు, సాకు లేదు. "అవ్. నేను పాతదాని లెక్క కట్టిన. నాదే తప్పు" అంది. ఇద్దరూ కలిసి పైకి చదువుతూ మళ్లీ మొదటి నుంచి కట్టారు. సూదిలోకి మందు ఎక్కించాక కూడా ఆ అమ్మాయికి చూపించి, ఆమె తలూపాకే తమ్ముడి తొడకు వేసింది. నా చూపు మాత్రం బుడ్డిలో మిగిలిపోయిన మందు మీదే ఉంది. ఆ అమ్మాయి చూడకపోతే అందులో కొంత వాడి ఒంట్లోకి పోయేదే కదా అనుకున్నాను.

తర్వాత చాలాసేపు అత్త వాడి మణికట్టు వదల్లేదు. చిన్న నర్సు వచ్చి కూర్చున్నాక లేచి వెనక వసారాలోకి వెళ్లింది. నేనూ వెళ్లాను. అరుగు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య అదిమిపెట్టుకుని ఉంది. అయినా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

"అత్తా, నువ్వు నర్సువు గదా, నీకు గూడ భయమైతదా?"

"కాకపోతే ఏంది బిడ్డా? వాడు నా తమ్ముని కొడుకు. పొద్దటి సంది గుండె దడదడ కొట్టుకుంటాంది. గట్ల ఉన్నప్పుడు నా కండ్లను నేనే నమ్మొద్దు. అందుకే ఆ పిల్లను పిలిచిన."

పొద్దు వాలే వేళకు తమ్ముడు కళ్లు తెరిచి నీళ్లడిగాడు. నాన్న వాడి పాదాలు పట్టుకుని బిగ్గరగా ఏడ్చాడు. వాగు తగ్గాక డాక్టరుగారు వచ్చి చూశారు. మిగతా సూదులు కూడా అక్కడే వేయించుకుని వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాం. వాడిప్పుడు తల నెరిసిన మనిషి, మిరపతోట దగ్గర పొద్దస్తమానం కూలీల మీద అరుస్తుంటాడు. అత్త పోయి చాలా ఏళ్లయింది.

నేను నర్సును కాలేదు. కానీ ఇంట్లో ఏ పిల్లకు జ్వరమొచ్చినా నాకు ఆ రేకుల మీది వాన వినిపిస్తుంది. మొన్న మనవరాలికి ఒళ్లు కాలితే, డాక్టరు రాసిన సిరప్ తెచ్చారు. సీసా మీది అక్షరాలు పైకి చదివి, చెప్పినంత కొలత గొట్టంలోకి తీసి, పాప నోట్లో వేసేముందు కోడలి చేతిలో పెట్టాను. ఒకసారి చూడమన్నాను.

"మీరు చూశారు గదా అత్తమ్మా" అంది.

"చూసిన బిడ్డా. కాని నాకు భయమైతాంది" అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గనిపించలేదు.