మాస్టారు వదిలించిన వంద గజాలు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. మొన్న పొద్దున్న కాఫీ తాగుతుంటే పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, "మాస్టారు ఇంక లేరంట" అన్నాడు. గ్లాసు కింద పెట్టేశాను. రెండేళ్ళుగా నేనాయనతో మాట్లాడలేదు. ఆయన గురించి మీకు చెప్పాలంటే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి.

నెల్లిమర్ల రోడ్డు మీద మా పేటలోని పాత హైస్కూల్లో ఆయన మా అందరిచేతా పరుగులు పెట్టించారు. పోటీల ముందు అడుగున చిల్లులు పొడిచిన రేకు డబ్బాలో పొడి సున్నం పోసుకుని, తాడు పట్టకుండా, వెనక్కి నడుస్తూ గీతలు గీసేవారు. ఒక్క గీతా వంకర పోయేది కాదు. నేను మరీ పొడుగు, సిగ్గుతో వంగి నడిచేవాణ్ణి. కనిపించినప్పుడల్లా వీపు మీద ఒక్కటి చరిచి, "వీపొంచకురా! నువ్వేటి తప్పు సేసినావని?" అనేవారు. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా బజార్లో నలుగురి ముందూ అదే దెబ్బ, అదే మాట.

తర్వాత బడి రైలుకట్ట అవతల కొత్త భవనంలోకి మారింది. ఖాళీ పడిన గ్రౌండులో, గెడ్డవాగు పక్క పాకల్లో ఉండే మిల్లు పనివాళ్ళకి ఇళ్ళు కట్టించాలని పంచాయతీ తలపెట్టింది. అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. చెప్పకేం? "సోళ్ళూ దాన్నం ఎక్కడ ఆరబోసుకుంటాం?" అని ఒకరు, "పెళ్ళి పందిళ్ళెక్కడేస్తాం?" అని ఇంకొకరు. "పాకలోళ్ళొచ్చి పక్కనుంటే మన మరేదేటవుతాది?" అని మరొకరు, కాస్త గొంతు తగ్గించి. అర్జీ రాసింది నేనే. ఆ మర్యాద మాట వదిలేసి, పిల్లల ఆటలనీ ఆరోగ్యమనీ బ్రహ్మాండంగా రాశాను. మొదటి సంతకం మాస్టారిది.

సభ నాడు పాకల నుంచి వచ్చిన ఒకామె చంకలో బిడ్డతో లేచి నిలబడింది. "వానొస్తే గెడ్డ మా పాకలోకొస్తాది బాబూ. పిల్లల్ని మంచమెక్కించి మేం నీళ్ళల్లో నిలబడతన్నాం. ఇక్కడైతే మెరకుంది. అదొక్కటే అడగతన్నాం" అంది.

మాస్టారు నా చేతిలోంచి అర్జీ తీసుకుని, అందరూ చూస్తుండగా తన సంతకం కొట్టేశారు. "ఈయమ్మ పెద్దకొడుకుని కూడా ఇక్కడే పరిగెట్టించినాన్రా. ఇప్పుడు కాలెట్టొద్దని నానెలా సెప్పీది?" అన్నారు.

ఆ గ్రౌండు తప్ప ఆయనకి వేరే లోకం లేదని నాకు తెలుసు. అయినా నలుగురిలో నా పరువు తీశారన్న ఉక్రోషమే నాకు పెద్దదైంది. అప్పట్నుంచీ ఆయన ఎదురొస్తే సందులోకి తప్పుకునేవాణ్ణి. ఒకసారి వెనక నుంచి "ఒరే" అని పిలిచారు. వినపడనట్టు వెళ్ళిపోయాను. ఏం చెప్పాలనుకున్నారో ఇక తెలియదు.

అర్జీ చెల్లలేదు. ఇళ్ళు లేచాయి. నేను మాత్రం పంతం పట్టి ఆ వైపే వెళ్ళలేదు. మొన్న ఆ కొత్త ఇళ్ళవాళ్ళు, మాస్టార్ని తమ వీధి మీంచే తీసుకెళ్ళాలని పట్టుబట్టారు. అలా పాడె వెనక మొదటిసారి అక్కడ అడుగుపెట్టాను. సభలో మాట్లాడిన ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"పునాదులకి ముగ్గు పోసింది మాస్టారే బాబూ. రేకు డబ్బా అట్టుకొచ్చి ఒక్కో ఇంటికీ ఆయనే గీసినారు. పరుగు గీతలున్న జాగా మాత్రం వీధికే వదలాలని మేస్త్రీతోటి దెబ్బలాడినారు. వంద గజాలూ మా పిల్లలు పరిగెట్టాలంట" అంది. "మొన్న చందమామ మీద మనిషి దిగినాడని రేడియోలో సెప్తే, అక్కడ నేల సదునుగా ఉన్నాదేటి అని అడిగినారు" అంటూ ఏడుపులోనే నవ్వింది.

అప్పుడు చూశాను. చావు జరిగిన ఇంటివాళ్ళు వాకిట్లో ముగ్గు పెట్టరు. ఆ వీధిలో ఎవరికీ ఆయన చుట్టం కాదు. అయినా ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్క గుమ్మం ముందూ ముగ్గు లేదు. ఆ వంద గజాలూ నేను వీపు వంచుకునే నడిచాను. చరిచేవాళ్ళు లేరు.

శ్మశానం నుంచి ఇంటికి తిరిగొచ్చాను. మా వాకిట్లో, మా ఆవిడ పొద్దున్నే పెట్టిన ముగ్గు చెక్కుచెదరకుండా, తెల్లగా ఉంది.