నేను పూడ్చిన సందు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూస్తే ఒక్క వాక్యం. దాన్ని చెప్పడానికి పట్టింది ఊపిరి పీల్చి వదిలినంత సేపు. దించుకోవడం మాత్రం ఇంతవరకు చేతకాలేదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్ల దగ్గర నోరు పెగలని మాట తెలియనివాళ్ల దగ్గర పెగులుతుందేమోనని మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు. తుపాకీ దగ్గర మొదలుపెడతాను.

కువైట్‌లో సల్వాలోని ఒక ఇంట్లో పని చేస్తున్నాను. మాది రాయచోటి పక్క పల్లె, వడ్రంగం మా వృత్తి. ఇక్కడికి వచ్చింది ఇంటిపనికి. తలుపులు సరిచేయడం, దివానియా ఊడ్చడం, బండ్లు కడగడం అన్నీ నావే. దివానియా అంటే ఇంటి మగవాళ్లు అతిథులతో కూర్చునే పెద్ద గది. యజమానిని బాబా అంటాం. బాబాకు వేట పిచ్చి. ఏడాదికొకసారి చలిదేశాల అడవులకు పోయి జింకను వేటాడి వస్తారు. తోడుగా డ్రైవర్ మస్తానన్న పోయేవాడు. మస్తానన్నది రాయచోటి టౌను. అప్పటికి పంతొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నాడు. బాబాతో మాట్లాడి నాకు వీసా ఇప్పించింది ఆయనే. మొదటి నెలంతా తన గదిలోనే పడుకోబెట్టుకుని, తన కంచంలోంచి తీసి పెట్టాడు. ఆయనకు నేను చేసింది ఏమిటో ఇప్పుడు చెబుతాను. చెప్పగలిగితే.

ఆ ఏడు బాబాకు భుజం ఆపరేషన్ అయింది. పాత తుపాకీ తన్నుడు తట్టుకోలేకపోయారు. తేలికైనది కావాలి, అదీ బారెల్ చివరిదాకా చెక్క ఉన్నది కావాలని పట్టుబట్టారు. ఈ రోజుల్లో చాలావాటికి చెక్క సగం దాకానే వస్తుంది, మిగతాదంతా ఉట్టి ఇనుము. చిన్నప్పుడు ఎవరి చేతిలోనో చివరిదాకా చెక్క ఉన్నది చూశారట, ఆ మోజు పోలేదు. అహ్మదిలో ఉండే ఆయన స్నేహితుడొకాయన వేట మానేసి రెండు తుపాకులు అమ్ముతున్నాడని తెలిసి, ఒక సాయంత్రం నన్నూ మస్తానన్ననూ వెంటబెట్టుకుని వెళ్లారు. బాబా నన్ను 'నజ్జార్' అని పిలుస్తారు. వడ్రంగి అని అర్థం. చెక్క చూడ్డానికి నువ్వు రావాలి నజ్జార్ అన్నారు. నా జన్మలో అంత గొప్పగా నన్నెవరూ ఎక్కడికీ పిలవలేదు.

రెండూ తివాచీ మీద పెట్టారు. రెండూ అక్రోటు చెక్కే. ఒకటి ఎనిమిది మిల్లీమీటర్లది, చెక్క మీద చారలు మెలికలు తిరిగి చూడముచ్చటగా ఉంది. రెండోది ఏడు బై యాభై ఏడు. ఏడు గుండు లావు, యాభై ఏడు తూటా గొట్టం పొడవు అని మస్తానన్న నా చెవిలో చెప్పాడు. పాతకాలపు యూరప్ కొలత, భుజాన్ని తన్నదు, జింకకు చాలు. దాని చెక్క మాత్రం మామూలుగా, ఊరి బడి బల్లలాగా ఉంది. బాబా చెయ్యి మాటిమాటికీ అందమైనదాని మీదికే పోతోంది. నేను రెండింటినీ తిప్పి చూశాను. పిడికిలి పట్టే మెడ దగ్గర చారలు నిటారుగా సాగాలి, అడ్డంగా తెగిపోతే ఎప్పుడో ఒకనాడు అక్కడే విరుగుతుంది. అందమైనదానికి అడ్డంగా తెగాయి. మామూలుదానికి మెడ నుంచి చివరిదాకా నిటారుగా ఉన్నాయి. ఆ మాటే చెప్పాను. బాబా నా ముఖంలోకి చూసి, ఇదే తీసుకుంటున్నాను అన్నారు.

అంతవరకు నేను చేసింది సరైన పనే. ఇప్పటికీ ఆ ఎంపిక సరైనదే. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

లేచే ముందు ఆ స్నేహితుడు ఒక పలచని కాగితం తీసి, బారెల్‌కీ చెక్కకీ మధ్య దూర్చి, కొస నుంచి లోపలిదాకా లాగాడు. కాగితం ఎక్కడా ఆగలేదు. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకున్నారు. అరబ్బీలో అన్నది నాకు అర్థం కాలేదు. నాకు మాత్రం ముఖం మాడిపోయింది. చెక్కకీ ఇనుముకీ మధ్య సందు! మా నాయన దగ్గర నేను తిన్న దెబ్బలన్నీ సందుల గురించే. గుమ్మానికి తలుపుకి మధ్య గోరు దూరితే ఆ రోజు నాకు అన్నం లేదు. సందు వదిలినవాడు వడ్రంగే కాదు మా ఇంట్లో. నేను ఎంచిన తుపాకీలో ఇంత సందు ఉంది, వాళ్లు దాన్ని చూసి నవ్వుకున్నారు, నజ్జార్ అని మురిసిపోయి వచ్చిన నన్ను చూసి నవ్వుకున్నారు అనుకున్నాను. ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. అడగలేదు. అడిగితే పరువు పోతుందని.

బాబా తుపాకీని పేల్చి, గురి సరిచూసుకుని, అలమారలో పెట్టారు. తర్వాతి వారం ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం నేను దాన్ని తీశాను. అక్రోటు ముక్కను అరగదీసి, ఆ పొడిని జిగురులో కలిపి, పలచని చాకుతో బారెల్ కొస దగ్గర నాలుగు వేళ్ల మేర ఆ సందు పూడ్చేశాను. టీ డికాషన్‌తో రంగు కలిపాను. ఆరాక గుడ్డతో తుడిచాను. మా నాయన చూసి ఉంటే నా భుజం తట్టి ఉండేవాడు. ఎంత నున్నగా కుదిరిందని! ఎవరికీ చెప్పలేదు, మస్తానన్నకు కూడా. తప్పు చేస్తున్నాననుకుని దాచలేదు, తప్పును సరిదిద్దుతున్నాననుకుని దాచాను. ఈ రెండింటికీ తేడా ఉందా? ఏమో. రోజుకొక రకంగా అనిపిస్తుంది.

నెల తర్వాత బాబా, మస్తానన్న వేటకు వెళ్లారు. పది రోజులకు తిరిగొచ్చారు. బాబా ముఖం చూసి, మేం మామా అని పిలిచే ఆయన భార్య కూడా పలకరించలేదు. విషయం మస్తానన్న చెప్పాడు. అక్కడ రోజూ వాన. గురి ముందే చూసుకున్నదే కదా అని మళ్లీ చూసుకోలేదట. బాబా జింక గుండెకు గురిపెడితే గుండు కాలికి తగిలింది. జింక కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. ఒక ప్రాణిని సగం చంపి వదిలేసి వచ్చానని బాబా కుమిలిపోయారు. ఆయన నమాజు తప్పని మనిషి. ఆయనకు అది గురి తప్పడం కాదు, పాపం.

మర్నాడు నన్ను దివానియాలోకి పిలిచారు. ఒక్కడినే. బాబా నాతో మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

"నజ్జార్, బారెల్‌కి చెక్క తగలకూడదు. తగిలితే, వానకు చెక్క ఉబ్బి బారెల్‌ని నెడుతుంది, గుండు దారి తప్పుతుంది. అందుకే సందు వదులుతారు. ఆ రోజు కాగితం చివరిదాకా వెళ్లింది, నా కళ్లతో చూశాను. అంటే తుపాకీలో తప్పు లేదు. ఎవరో కింద పడేశారు, పైన ఉన్న గురి చూసే అద్దం కదిలింది. మస్తాన్ చేతిలోంచి పడిందా?"

 సందు ఎందుకుందో నాకు తెలిసింది అప్పుడు, ఆ క్షణాన. నవ్వుకున్నది నన్ను చూసి కాదు, బాగుందని నవ్వుకున్నారు.

"తెలీదు బాబా."

"నువ్వు ఇంట్లోనే ఉన్నావు. ఏమీ వినలేదా?"

"ప్రయాణానికి ముందురోజు... ఏదో పడిన చప్పుడు విన్నట్టుంది బాబా."

"వల్లా?"

"వల్లా, బాబా."

అల్లా మీద ఒట్టేనా అని అడిగారు. ఒట్టు అన్నాను. నాది కాని దేవుడి మీద ఒట్టు, అది లెక్కలోకి రాదులే అని లోపల ఎక్కడో ఒక మూల అనుకున్నాను కూడా. ఛీ! ఎంత నీచుడిని!

ఎందుకు అన్నాను? ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, పోతుందని భయమా? నజ్జార్ అనే పిలుపు పోతుందనా? మస్తానన్న పాతవాడు, ఆయన్నేం చేయరు, నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తారు అనుకున్నానా? అనుకున్నానో, తర్వాత కల్పించుకున్నానో కూడా ఇప్పుడు తేల్చుకోలేను. గుండు తప్పింది నా పనివల్లేనా, విమానంలో సామాను విసిరేసేవాళ్ల వల్లనా అని కూడా చాలాకాలం నాతో నేను వాదించుకున్నాను. విమానంవాళ్ల మీదికి నెట్టేస్తే హాయిగా ఉంటుంది కదా. కానీ తుపాకీ సంగతి ఏమైనా, చప్పుడు సంగతి నాకు తెలుసు. చప్పుడు లేదు.

నేను విన్నానన్న చప్పుడు గురించి బాబా మస్తానన్నను అడిగారు, పడలేదని ఆయన అన్నాడు. బాబా అరవలేదు. పంతొమ్మిదేళ్లుగా తన దగ్గరున్న మనిషి నిజం దాచాడని ఆయన బాధ. పడేసినందుకు కాదు, పడలేదన్నందుకు పంపేస్తున్నా అన్నారు. ఖలాస్. పదిహేను రోజుల్లో మస్తానన్న కాగితాలన్నీ రద్దయ్యాయి. విమానాశ్రయానికి బండి నడిపింది నేనే. దారిలో ఆయన నన్ను నిలదీయలేదు. నిలదీసి ఉంటే బాగుండేది.

"ఏ యాళప్పుడు ఇన్న్యావప్పా ఆ సప్పుడు?" అని అడిగాడు. "నాకు గురుతే లేదే. నా చేతిలోంచి పడిందీ నాకే తెల్లేదంటే ఎట్టబ్బా!"

"ఏమోన్నా, నాకూ సరిగా గురుతు లేదు" అన్నాను. ఆ తర్వాత ఆయన డ్రైవర్ ఉద్యోగం నాకొచ్చింది. కిటికీ ఉన్న ఆయన గదీ నాకే వచ్చింది.

తుపాకీ ఇంకా అలమారలోనే ఉంది. బాబా మళ్లీ ముట్టలేదు. ప్రతి శుక్రవారం దుమ్ము తుడిచేది నేనే. నా పనితనం చెక్కు చెదరలేదు, ఎంత చూసినా కనిపించదు. గీకి తీసేద్దామని రెండుసార్లు చాకు పట్టుకున్నాను. తీసేస్తే నేను చేసినదానికి ఆ ఉన్న ఒక్క సాక్ష్యం కూడా పోతుంది. ఉంచితే మాత్రం ఎవరు చూడొచ్చారు? తెలియక మళ్లీ గుడ్డ తీసుకుని తుడుస్తాను.

ఇన్నాళ్లూ ఇలాగే గడిచింది. ఇలాగే గడిచిపోయేదేమో కూడా. పోయిన వారం మస్తానన్న దగ్గర్నుంచి వాట్సాప్‌లో మాట వచ్చింది. ఆయన కూతురికి కొడుకు పుట్టాడు. నవ్వుతూనే చెప్పాడు:

"అందురూ ఎత్తుకుంటాండారప్పా. నాకు మాత్రం ఈయొద్దని నేనే చెప్పినా. మా ఆడమనిషి తిడతాంది, ఏం తాతవయ్యా నువ్వని. నా చేతిలోంచి జారేది నాకే తెలీదు గదప్పా. పసిగుడ్డు, యాడన్నా పడేస్తే?"

మూడుసార్లు విన్నాను. మొదట్లో ఆయన తనకు అన్యాయం జరిగిందని అనుకుంటున్నాడులే, ఎవరినో తిట్టుకుంటున్నాడులే అనుకునేవాణ్ణి. తిట్టుకోలేదు. నన్ను నమ్మాడు. నా అబద్ధాన్ని నమ్మి, తన రెండు చేతుల మీద నమ్మకం వదులుకున్నాడు. 

బదులు చెబుదామని మైకు గుర్తు నొక్కాను. శుభాకాంక్షలన్నా అని చెప్పి ఆపేశాను. మళ్లీ నొక్కాను, మళ్లీ చెరిపేశాను. నిజం చెబితే ఆయన క్షమిస్తాడేమో, క్షమించడేమో. బాబా చెవిన పడితే నేనూ విమానం ఎక్కాల్సిందే. అవన్నీ అట్లా ఉండనీ. క్షమాపణ అడిగే ముఖం నాకు లేదు, మీరు నన్ను జాలిగా చూడాల్సిన పనీ లేదు. నేను చెప్పాల్సిన మాటలు నాలుగే. నోటితో చెప్పేముందు ఒకసారి కాగితం మీద రాసి చూసుకుంటున్నాను, చెయ్యి ఆడుతుందో లేదోనని.

అన్నా, ఆ తుపాకీ పడలేదు. చప్పుడు నేను వినలేదు. చెడగొట్టింది నేను. పిల్లోణ్ణి ఎత్తుకో.